రూతమ్మ పాలికొచ్చిన తోలు పుస్తకం

జమ్మలమడుగు దిక్కు పల్లెల్లో ఏసుగుడి ఊడ్చే ఆడోళ్ళు శానామంది ఉండారు గానీ, కసువునూ గుడిపెద్దలనూ ఒకే కంటితో చూసేది రూతమ్మ ఒక్కతే. రెండూ ఎంత ఊడ్చినా మళ్ళా వచ్చి చేరుతాయి అంటాది.

మనిషి పొట్టి, నోరు పొడుగు. మొగుడు ఆనందయ్య నాపరాళ్ళ గనిలో రాయి చీల్చి చీల్చి, దుమ్ము మింగి మింగి, తల నెరవకముందే దగ్గుతో పోయినాడు. గుడి కమిటీవాళ్ళు తెల్లగుడ్డలు కట్టుకోని పలకరించను వచ్చినారు. "దేవుడిచ్చినాడు, దేవుడే తీసుకున్యాడు రూతమ్మా" అన్యారు. "దేవుడు కాదప్పా, గని మేస్త్రీ తీసుకున్యాడు. మూతికి అడ్డం ఏమన్నా ఇయ్యమంటే తువ్వాల కట్టుకోమన్యాడు. ఆ మేస్త్రీ మీ కమిటీలోనే ఉండాడు, ఆడ ఎనకాల నిలబడుకోనుండాడు చూడండి" అనింది. ఆ నోరు మూయను ఆమెకు గుడి ఊడ్చే పని ఇచ్చినారు. చేతికి చీపురిస్తే నోరు మూసుకుంటాదని ఏ తెలివిమంతుడు చెప్పినాడో!

ఉండేది ఒక్క కూతురు, ప్రేమకుమారి. వీరపునాయునిపల్లెలో టీచరు. "ఊడ్చే పని మానెయ్ మా, నాకు నామోషీగా ఉండాది" అంటే, "నువ్వు బోర్డు తుడుస్తావు, నేను బండలు తుడుస్తా. నీ బోర్డు మీద మళ్ళా రాస్తారు, నా బండల మీద మళ్ళా ఉమ్ముతారు. తేడా ఏంది?" అనింది.

మానకపోయేదానికి అసలు కారణం వేరే. ప్రసంగం చెప్పే తావ ఎనకాల ఒక టేకు బీరువా ఉండాది. దాంట్లో ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం. ఇటుకరాయంత మందం, చెక్క అట్టలు, ఇత్తడి గడియ. లోపలంతా లాటిను బాషలో చేత్తో రాసిన దావీదు కీర్తనలు. పెద్దక్షరాలకు బంగారు రేకు అంటించి ఉంటాది. ఊర్లో దాన్ని చదివేటోడు ఒక్కడూ లేడు. అందుకే దానికి అంత మర్యాద. తెలుగు బైబులు మీద చెయ్యిపెట్టి అబద్దం ఆడేదానికి మావోళ్ళకు భయం లేదు. దాంట్లో క్షమించే మాట కూడా ఉందని తెలుసు కదా. దీంట్లో ఏం రాసిందో తెల్దు. అందుకే ఊర్లో ఏ ప్రమాణమైనా దీని మీదనే.

ఆ పుస్తకం న్యాయంగా రూతమ్మది. ఆ సంగతి రూతమ్మకు తెలుసు, దేవునికి తెలుసు, మూడో మనిషికి పట్టదు.

రూతమ్మ అవ్వ దీవెనమ్మ తెల్లోళ్ళ కాలంలో దొర బంగళాలో ఆయా. దొరసాని కొడుక్కు అమ్మవారు పోసి, ఒళ్ళంతా పొక్కులు తేలితే, దొరసానినే లోపలికి రానీకుండా, దీవెనమ్మ ఆ పిల్లోని పక్కన పడుకోని బతికిచ్చింది. దొరసాని తన దేశానికి పోయేటప్పుడు ఆ పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. దొర అడ్డం పడినాడంట, మిషనుకు ఇద్దామని. "ఇది మా నాయన నాకిచ్చింది. నీ సొత్తు కాదు" అని దొరసాని ఒక్క మాట అనిందంట. దీవెనమ్మది బోదగడ్డి కప్పిన కొట్టం. వానొస్తే లోపలా బయటా ఒకటే. చెదలు ఊరికే ఉంటాయా? అందుకని తీసుకపోయి గుడి బీరువాలో పెట్టింది. పెట్టింది అంతే, ఇయ్యలేదు. మరుసటేడు కమిటీ అది గుడి ఆస్తి అని తీర్మానం చేసేసింది. ఆడకూతురు దాచుకుంటే మొగోళ్ళు తీర్మానం చేసేది ఈనాటిది కాదు.

ఆ పుస్తకం ఎట్ల చేసినారో దొరసాని దీవెనమ్మకు చెప్పిందంట, దీవెనమ్మ మనవరాలికి చెప్పింది. ఎన్ని తరాల కిందటనో, ఎముకలు కొరికే చలిదేశంలో, పెండ్లాం బిడ్డలు లేని సన్యాసోళ్ళ మఠంలో చేసినారంట. లేగదూడల తోళ్ళు సున్నపునీళ్ళలో నానేసి, బొచ్చు గీకి, చట్రానికి బిగదీసి, వంపుకత్తితో గీకి గీకి పల్చన చేసినారు. ఏదో చెట్టుకు కాసే బుడిపెలు నానబెట్టి, ఇనుము తుప్పు కలిపి, సిరా కాసినారు. మన కరక్కాయ సిరా మాదిరే. బాతు ఈకలు చెక్కి కలాలు చేసినారు. ఇంకేముంది, కూచోని రాసుడే.

దొరసాని ఇదంతా చెప్తాంటే దీవెనమ్మ పగలబడి నవ్విందంట. "తోళ్ళు సున్నంలో ఏసి గీకేది మా నాయన పనే కదమ్మా! మీ పాదిరోళ్ళు వచ్చి, బాప్తిస్మం ఇచ్చి, ఇంక తోలు ముట్టొద్దు, అది పాతబతుకు అని మాన్పించిరి. ఇప్పుడేమో మళ్ళా తోలే తెచ్చి మొక్కమని చేతిలో పెడ్తాండారు!" దొరసాని మొగం ఎర్రబడిందంట. తర్వాత ఆమె కూడా నవ్విందంట.

గుడిపెద్దలు మాత్రం ఆ ముక్క ఒప్పుకోరు. "అది ఫారిన్ పేపరు" అంటాడు సామ్యూల్ సారు. రిటైరైన హెడ్మాస్టరు. తాత పేరు చెప్పుకుంటాడు గానీ తాత చేసిన పని చెప్పుకోడు. తోలు అంటే ఆయనకు ఒళ్ళు జలదరిస్తాది. ఆయన కాళ్ళకుండే చెప్పులు ఏం పేపరుతో చేసినారో రూతమ్మ ఇంతవరకు అడగలేదు.

శనివారం శనివారం రూతమ్మ చేతులు కడుక్కోని, ఆరబెట్టుకోని, పుస్తకం దుమ్ము దులుపుతాది. దాంట్లో ఒక ఆకు అంచున చిన్న బొమ్మ ఉండాది. గాడిద ఒకటి బిషపు టోపీ పెట్టుకోని పెద్దకుర్చీలో కూచోనుంటాది. కింద గొర్రెలు చేతులు కట్టుకోని వింటాంటాయి. రూతమ్మకు ఆ బొమ్మంటే ప్రాణం. "పాపం, చలికి ఏళ్ళు కొంకర్లు పోతాంటే, పైనుండే పెద్ద సన్యాసి బిన్నా రాయి, తొందరగా రాయి అని తిట్టింటాడు. వీడు గమ్మునుండి బొమ్మేసి పెట్టినాడు. వాని పేరు తెల్దు గానీ, వాడు కచ్చితంగా మా వంశమే" అంటాది. కమిటీ మీటింగు జరిగేటప్పుడు ఆమె ఒకసారి బీరువా దిక్కు చూస్తాది, ఒకసారి పెద్దకుర్చీ దిక్కు చూస్తాది, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటాది.

చేతులు మారిన కత కూడా దొరసానే చెప్పింది. ఆ దేశం రాజుకూ సన్యాసోళ్ళకూ ఏదో పెండ్లి కాడ తగాదా వచ్చి, రాజు మఠాలు పగలగొట్టిచ్చి భూములు లాక్కున్యాడంట. ఆ దోపిడీలో పుస్తకం ఒక భూస్వామి ఇంటికి చేరింది. వాని కొడుకులు కొట్టుకోని సచ్చి, ఇల్లు వేలానికొస్తే, కడాకు దొరసాని తండ్రి కొనుక్కున్యాడు. అంటే ప్రతిసారీ ఒక కొట్లాటతోనే చెయ్యి మారింది. అంతదూరం ఓడెక్కి వచ్చి, ఇంత దేశంలో ఇంకేడా జాగా లేనట్టు, ఫ్యాక్షన్ సీమలోనే దిగింది. రాత!

ఇంక మావోళ్ళ కాలానికి వద్దాం. ఊరి పెద్దోళ్ళు ఇద్దరు, రెండు పార్టీలు. వాళ్ళ పేర్లు మనకెందుకు? కోట మాదిరి ఇండ్లు, ఇంటి ముందర జీపులు, జీపుల్లో గోనెసంచులు. సంచుల్లో ఏముండాదో అడక్కూడదు. వాళ్ళు కొట్టుకుంటే కొట్టుకోనీ, గుడికేం పని? అట్ల అనుకుంటే మావోళ్ళు ఎట్లయితారు! సామ్యూల్ సారు ఒక పార్టీ. రోడ్డు కాంట్రాక్టులు చేసే సుందరం ఇంకో పార్టీ. ఒకే గుడి, ఒకే దేవుడు, పొద్దున సారు ఆరాధన, మద్యానం సుందరం ఆరాధన. పొద్దున వాళ్ళు "మా శత్రువుల చేతిలోంచి తప్పించు ప్రభువా" అని పాడేది, మద్యానం వీళ్ళు అదే పాట పాడేది. దేవుడు ఎవుర్ని తప్పియ్యాల?

ఒక ఎండాకాలం లింగాల దిక్కు ఆ పెద్దోళ్ళలో ఒకాయన చీనీతోట నరికేసినారు. కాపుకొచ్చిన బత్తాయి చెట్లు. వారం తిరక్కముందే ఇంకో పెద్దాయన తోట కూడా పడిపాయ. రాజీ అన్యారు, ప్రమాణం అన్యారు. నరికినోళ్ళలో గుడోళ్ళ పిల్లోళ్ళు ఉండారని మాటొచ్చింది. సామ్యూల్ సారు తోలు పుస్తకం మీద చెయ్యిపెట్టి "మావోళ్ళు గొడ్డలి ముట్టలేదు" అన్యాడు. సుందరం అదే పుస్తకం మీద చెయ్యిపెట్టి "మావోళ్ళు ఆ దిక్కే పోలేదు" అన్యాడు. పుస్తకం పట్టుకోని నిలబడింది రూతమ్మ. ఇద్దరి ఇండ్ల ఎనకాలా చీనీ కట్టెలు పొయ్యిలోకి ఎండుతానే ఉండాయి. ఆమె రోజూ ఆ దోవలోనే కదా పోయేది.

రాజీ కుదిరినంక ఇంక కలిసి ఉండలేం, గుడి సామాన్లు పంచుకుందాం అన్యారు. రాజీ అంటే మావోళ్ళకు అదే. బెంచీలు పంచుకున్యారు. జంపఖానాలు పంచుకున్యారు. సావుబండి కాడికొస్తే, చక్రాలు సారు పార్టీకి, పెట్టె సుందరం పార్టీకి. ఇప్పుడు ఎవురన్నా సావాలంటే రెండు పార్టీలూ ఒప్పుకోవాల. మిగిలింది మూడు: బోరు మోటరు, మైకు సెట్టు, తోలు పుస్తకం. మోటరూ మైకూ తర్వాత చూసుకుందాం, ముందు పుస్తకాన్ని రెండుగా కోసేద్దాం అన్యారు.

రూతమ్మ చేతిలో చీపురు కింద పడిపాయ.

"కోసేదేంది సార్? అది గొర్రెనా?"

"నీకు తెల్దులే మే, న్యాయం ప్రకారం సగం సగం" అన్యాడు సామ్యూల్ సారు.

"అది మా అవ్వది."

"మీ అవ్వ పేరు మీద పట్టా ఉందా?" అన్యాడు సుందరం. అందరూ నవ్వినారు. సారు పార్టీ, సుందరం పార్టీ కలిసి నవ్వింది ఆ ఏడాది అదొక్కసారే.

పొద్దుటూరుకు బస్సెక్కినారు. పుస్తకం సారు పట్టుకుంటే సుందరం ఒప్పుకోడు, సుందరం పట్టుకుంటే సారు ఒప్పుకోడు. అందుకని రూతమ్మ ఒళ్ళో పెట్టినారు. చంటిపిల్లను ఆపరేషనుకు తీసకపోయినట్టు తీసకపోయింది.

పొద్దుటూరులో బుక్కులు కుట్టే దస్తగిరికి పెద్దపేరు. కోర్టు కాగితాలైనా, ఖురానైనా, పిల్లోళ్ళ రికార్డులైనా ఆయన కుడితే ఊడవు. ఆయనకు గొప్పలు కూడా శానా. పుస్తకం చూసి "ఇట్లాంటివి మా తాత పదో పన్నెండో కుట్టినాడు" అని కోతలు కోసినాడు. అంతా అబద్దం. ఆకులు తిప్పి, మొదట్నుంచా కడాట్నుంచా చదివేది అని రూతమ్మనే అడిగినాడు.

"మధ్యకు కొయ్యి భాయ్" అన్యాడు సుందరం.

"మధ్య అంటే యాడ సారూ? ఆకులు లెక్కబెట్టి మధ్యనా, తూకంలో మధ్యనా?"

"తూకంలోనే" అన్యాడు సామ్యూల్ సారు. "కానీ మొదటి సగంలో బంగారు అక్షరాలు ఎక్కువుండాయి. అది మాకు."

"ఏం, మేం తగరం మొగమోళ్ళమా?" అని లేసినాడు సుందరం.

పొద్దుటూరులో ఉండి బంగారం మాటొస్తే ఇంక తెగుతాదా! పక్క బజారులో బంగారం కొట్టు శేటును పిల్చుకోనొచ్చినారు. ఆయన కన్నుకు అద్దం పెట్టుకోని ఒక్కొక్క అక్షరం చూసినాడు. "మొత్తం గీకినా చీమకు ముక్కుపుడక రాదు. దీనికి నన్ను గల్లా కాడ్నుంచి లేపినారా?" అని పాయ.

"బంగారం కాదప్పా ముక్యం, మర్యాద" అన్యాడు సుందరం. "అవును, మర్యాదే" అన్యాడు సారు. మర్యాదను తూకమేసే తక్కెడ పొద్దుటూరులో కూడా లేదు.

దస్తగిరి కత్తి తీసినాడు. తీసి కింద పెట్టినాడు. "కోస్తా సారూ, నాకేం? యాడ కొయ్యాల్నో మీరిద్దరూ గీత గీసి సంతకాలు పెట్టండి. రేపు తక్కువొచ్చినోడు జీపేసుకోనొచ్చి నా అంగడి మీద బాంబు ఏస్తే? మా ఇంట్లో ఖమర్‌బీ నన్ను అంతకుముందే చంపుతాది."

గీత గీసేదానికి ఇద్దరూ ముందుకు రాలేదు. గీసినోడు తగ్గినట్టు కదా. వాళ్ళు బయటకు పోయి వాదులాడుకుంటాంటే దస్తగిరి గొంతు తగ్గించి చెప్పినాడు: "అక్కా, ఈపొద్దు నేను తప్పిచ్చినా. కానీ వీళ్ళు ఊరికుండరు. ఇంట్లో కొడవలి తీసుకోనైనా కోస్తారు. ఒకసారి కోస్తే ఇది ఇంక నా చేతిలో గూడా అతకదు. నువ్వే ఏమన్నా చెయ్యాల."

తిరిగొచ్చే బస్సులో రూతమ్మ పుస్తకం మీద రెండు చేతులూ పెట్టుకోని కూచునింది. పక్కసీటామె "ప్రార్థన చేస్తాండావా?" అనడిగింది. "లేదు మే, కుట్ర చేస్తాండా" అనింది.

ఆదివారం పంచాయితీ. పులివెందల నుంచి పాదిరి అయ్యగారిని పిలిపించినారు. ఆయన మెత్తనోడు. ఎవురు మాట్లాడినా "ఆమెన్" అంటాడు, ప్రాణమంటే భయం. ఆయన మన సేద్యం ఇండ్లలో అన్నదమ్ములు పంచుకునే పద్ధతే చెప్పినాడు: "ఒకరు పంచాల, ఇంకొకరు ముందు కోరుకోవాల. పంచినోళ్ళు కడాన మిగిలింది తీసుకోవాల. అప్పుడు ఎవురూ మోసం చెయ్యలేరు." మంచి పద్ధతే. కానీ పంచేది ఎవురు? పంచితే కడాన తీసుకోవాల. సారు పంచనన్యాడు. సుందరం అసలే పంచనన్యాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. అయ్యగారికి ఆకలి.

"నేను పంచుతా" అనింది రూతమ్మ.

"నువ్వెవురు పంచేదానికి?" అన్యాడు సారు.

"నాకు ఏ పార్టీ లేదు. ఉండేది చీపురు పార్టీ. పంచినోళ్ళు కడాన తీసుకోవాల్నంటిరి కదా, మూడు సామాన్లు ఉండాయి, మూడు పాళ్ళు పెడతా. మీ ఇద్దరూ కోరుకోండి. మిగిలింది నేను తీసుకుంటా. మొన్న మీ అన్నదమ్ముల చేను పంచిన పెద్దమనిషికి మేకపోతును ఇస్తిరే, నేను అంతకంటే పనికిరానా?"

అయ్యగారు బిన్నా ఆమెన్ అన్యాడు. ఇద్దరూ లెక్కేసుకున్యారు. ఒకరు పుస్తకం తీసుకుంటే ఇంకొకరు మోటరు తీసుకుంటారు, మైకు సెట్టు ఈ ముసల్దానికి పోతాది, దాన్ని ఎట్లైనా లాక్కోవచ్చు. సరే అన్యారు.

రూతమ్మ మోటరు ఒక తావ, మైకు ఒక తావ, ఎర్రగుడ్డ మూట ఒక తావ పెట్టింది. సుందరం వయసులో చిన్నోడు, పద్ధతి ప్రకారం ముందు ఆయన వంతు. చెయ్యి తిన్నగా ఎర్రగుడ్డ మీదికి పాయ.

"తీసుకో నాయనా, నీకే మంచిది" అనింది రూతమ్మ. "మొన్న స్టేషను నుంచి హెడ్డు కానిస్టేబులు వచ్చి అడిగిపాయ. లింగాల చీనీచెట్ల కేసు ఇంకా తెగలేదంట. ప్రమాణం చేసిన పుస్తకం ఎవురి తావ ఉంటే వాళ్ళే కోర్టులో సాచ్చికం అంట."

హెడ్డు వచ్చింది నిజమే. ఆయన అడిగింది మంచినీళ్ళు.

సాచ్చికం! ఆ రోజుల్లో ఈ సీమలో ఆ మాట కంటే బాంబు నయం. బాంబు తగిల్తే తగలచ్చు, లేకుంటే లేదు. సుందరం చెయ్యి ఎర్రగుడ్డ మీద నుంచి అట్లనే జారి, మోటరు మీద పడింది. "నీళ్ళే కదప్పా జనానికి ముక్యం" అన్యాడు. ప్రజాసేవ అంటే అది.

సామ్యూల్ సారు లేసినాడు. మైకు దిక్కు చూసినాడు, మూట దిక్కు చూసినాడు. "దొరలిచ్చిన ఆస్తి, కసువూడ్చేదాని చేతికా?" అని గొణిగినాడు.

"అయితే నువ్వే తీసుకో సార్. హెడ్మాస్టరువు, ఇంగ్లీషు వచ్చు. కోర్టులో బాగ చెప్తావు."

సారు మైకు సెట్టును రెండు చేతులా ఎత్తుకున్యాడు. "పోనీలే. పాతపేపర్లు. బీదరాలు, అట్టలన్నా పనికొస్తాయి."

"పేపరు కాదు సార్, తోలు" అనింది రూతమ్మ. గుడంతా ఇనేటట్టు అనింది. "సున్నంలో ఏసి గీకిన తోలు. మీ తాత, మా తాత గీకినట్టే."

ఎనక బెంచీలో ఒక ముసలాయన "నిజమే మే" అన్యాడు. రూతమ్మ మూట చంకలో పెట్టుకోని ఇంటికి పాయ.

మన పల్లెల్లో అబద్దం బస్సు కంటే ముందు స్టేషనుకు చేరుతాది. నాలుగునాళ్ళకు హెడ్డు సైకిలేసుకోని నిజంగానే వచ్చినాడు. ప్రమాణం పుస్తకం ఎవురిది అని సారును అడిగితే రూతమ్మ ఇల్లు చూపిచ్చినాడు. సుందరాన్ని అడిగితే ఆయనా అదే ఇల్లు చూపిచ్చినాడు.

రూతమ్మ ఏసిన అబద్దం వచ్చి గడపలో కూచునింది. గుడిది అనేస్తే తప్పిపోతాది. కానీ గుడిది అంటే రేపే వచ్చి లాక్కోనిపోతారు, కొడవలి పెడతారు. ఎట్లయితే అట్లయితాది అనుకునింది.

"పుస్తకం నాదే సార్. మా దీవెనమ్మవ్వది, ఇప్పుడు నాది."

"అయితే సాచ్చికం చెప్తావా?"

"చెప్తా. రాసుకో. సామ్యూల్ సారు చెయ్యిపెట్టి అబద్దం చెప్పినాడు. సుందరమూ చెయ్యిపెట్టి అబద్దం చెప్పినాడు. ఇద్దరి ఇండ్ల ఎనకాలా చీనీ కట్టెలు ఉండాయి. పోయి చూడు, ఇంకా ఉంటాయి."

హెడ్డు పెన్ను తీసినాడు, కాసేపు గాల్లో పట్టుకున్యాడు, మళ్ళా జేబులో పెట్టుకున్యాడు. "ఏందత్తా నువ్వు! ఒకరి పేరు చెప్తే ఇంకొకరు జీపు పంపిస్తారు, కేసు నడుస్తాది. ఇద్దరి పేర్లూ చెప్తే నేను ఎవుని జీపెక్కాల? ఈ సైకిలే గతి" అని, మజ్జిగ తాగి, పాయ.

పుస్తకం ఇప్పటికీ రూతమ్మ ఇంట్లోనే ఉండాది. ప్రమాణానికి ఇయ్యమని రెండు పార్టీలోళ్ళూ వస్తానే ఉంటారు. "ఇస్తా. కానీ నిజం చెప్పేటోన్ని పంపియ్యండి, వాని చేతికే ఇస్తా" అంటాది.

ఇంతవరకు రెండు పార్టీలూ కలిసి ఎతికినా, అట్లాంటోడు ఒక్కడు దొరకలేదు.